గాల్వెస్టన్ బేకి ట్రైలర్ మీద లాక్కెళ్ళే తెరచాప పడవ: కాటలీనా 22నా, పాటర్ 19నా, మెక్‌గ్రెగర్ 26నా?

కేటీ_కొత్తనావ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. పెద్దవాళ్ళం ఇద్దరం, పిల్లలకి 9, 12 ఏళ్ళు. సెయిలింగ్ క్లాసులు అయ్యాయి, ఇక సొంత పడవ కొనాలి. శనివారం పొద్దున కీమా దగ్గర దించి, బేలో తిరిగి, రాత్రి ఎక్కడైనా లంగరేసి పడుకుని, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాలి. బయటి సముద్రంలోకి వెళ్ళే ఆలోచన లేదు. మెరీనాలో స్లిప్ (పడవ కట్టేసి ఉంచుకునే చోటు) అద్దెకు తీసుకోం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి స్టోరేజ్ యార్డులో ట్రైలర్ మీదే ఉంటుంది.

బండి 2019 హోండా ఒడిస్సీ, 3,500 పౌండ్లు లాగుతుంది. చూసినవి మూడు: 1984 కాటలీనా 22 స్వింగ్ కీల్ (కీల్ అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క, ఇందులో అది ఊగి పైకి మడుచుకునే రకం), వెస్ట్ వైట్ పాటర్ 19, మెక్‌గ్రెగర్ 26ఎస్. మూడింటికీ ట్రైలర్లు ఉన్నాయి. కాటలీనా అమ్మే ఆయన "పడవ 2,250 పౌండ్లే కదా, వ్యాన్‌కి లెక్కలోది కాదు" అంటున్నాడు. నాకూ అదే నచ్చింది, లోపల చోటు బాగుంది. కొనేముందు ఏం చూడాలి? నలుగురికి ఏది సరిపోతుంది?

---

లంగరుతాడు:

ఆయన చెప్పిన 2,250 బ్రోషర్‌లో ఉండే ఉత్త పడవ బరువు. రోడ్డు మీద లాగేది అదొక్కటే కాదు. ట్రైలర్ 800 నుంచి 1,000 పౌండ్లు, అవుట్‌బోర్డ్ మోటారు 60, ఆపైన బ్యాటరీ, లంగరు, గొలుసు, తాళ్ళు, తెరచాపలు, పెట్రోలు, నీళ్ళ క్యాన్లు, పరుపులు, ఐస్ పెట్టె. అన్నీ కలిపితే 3,500 దాటుతుంది. పాత పడవల డెక్‌లోని ప్లైవుడ్ నీళ్ళు పీల్చుకుని ఉంటే ఆ బరువు వేరే. ఒడిస్సీ మాన్యువల్ తీసి చూడండి: బండిలో ఎంతమంది కూర్చుంటే ఎంత లాగొచ్చో పట్టిక ఉంటుంది. నలుగురూ సామానూ ఎక్కాక 3,500 మీకు మిగలదు.

పాటర్ 19 ఉత్తది 1,225 పౌండ్లు, ట్రైలరూ సరంజామా కలిపి 2,100 దగ్గర ఆగుతుంది. మెక్‌గ్రెగర్ 26ఎస్ అడుగున బరువు కోసం నింపే నీళ్ళు లేకుండా 1,650, అన్నీ కలిపి 2,700 అనుకోండి. అమ్మేవాడి మాటా నమ్మొద్దు, నా అంచనా కూడా నమ్మొద్దు. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేలు (బండ్లని తూచే కాటా) ఉంటుంది, పది నిమిషాల పని, అచ్చమైన అంకె చేతికొస్తుంది. ట్రైలర్ ముక్కు బరువు (బండి కొక్కెం మీద పడే బరువు) మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకు తగ్గితే హైవే మీద 55 మైళ్ళ వేగానికే ట్రైలర్ తోక ఆడిస్తుంది. స్టెర్న్‌కి (పడవ వెనక కొసకి) మోటారు వేలాడుతుంటే తీసి వ్యాన్‌లో పెట్టండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

ఇంకోటి. ఒడిస్సీ ముందు చక్రాలతో నడిచే బండి. ర్యాంపు (పడవని నీళ్ళలోకి దించే వాలు) పైకి ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి జారి ముందు చక్రాలు తేలికైపోతాయి. నాచు పట్టిన కాంక్రీటు మీద 3,600 పౌండ్లు ఉంటే టైర్లు అక్కడే తిరుగుతాయి. పాటర్ బరువుకైతే మామూలుగా ఎక్కేస్తుంది. కాటలీనానే కావాలంటే ముందు బండి మార్చండి, లేదా టో ప్యాకేజీతో 5,000 లాగే హైలాండర్ వీ6 ఉన్న స్నేహితుణ్ణి వెతుక్కోండి :)

---

ఉప్పుగాలి:

బరువు సంగతి పైన చెప్పేశారు కాబట్టి నేను కీల్ సంగతి చెప్తాను. కాటలీనా 22 మంచి పడవే. 1969 నుంచి 15,000కి పైగా కట్టారు, ఈ రోజుకీ ప్రతి విడిభాగమూ దొరుకుతుంది, కాటలీనా డైరెక్ట్ వాళ్ళు పిన్ దగ్గర్నుంచి కిటికీ రబ్బరు దాకా పంపిస్తారు. కానీ స్వింగ్ కీల్ మోడల్‌లో నీళ్ళ కింద ఉండే సరుకు పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఆ కీల్ 550 పౌండ్ల పోత ఇనుము. ముందు వైపు ఒక అంగుళం మందం పిన్ మీద వేలాడుతుంది, వెనక వైపు ఒక స్టీలు కేబుల్ పట్టుకుంటుంది. లోపల మెట్టు కింద ఉండే వించ్ తిప్పితే కేబుల్ చుట్టుకుని కీల్ పైకొస్తుంది. మొత్తం దించితే పడవకి 5 అడుగుల నీళ్ళు కావాలి, ఎత్తితే 2 అడుగులు చాలు. చెడేవి నాలుగు చోట్ల.

పిన్: ఇనుప కీల్‌లోని రంధ్రం ఏళ్ళ తరబడి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అలల మీద పడవ ఊగినప్పుడల్లా కింద నుంచి "టంగ్... టంగ్" అని కొడుతుంది. రంధ్రం ఎంత అరిగితే దెబ్బ అంత గట్టిగా పడి, పిన్‌ని పట్టుకున్న హ్యాంగర్ల బోల్టులు వదులవుతాయి. పడవ ట్రైలర్ మీదుండగా కీల్ కింది కొస పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. కొంచెం కదలిక మామూలే, అంగుళాల్లో కదిలితే కీల్ దించి రంధ్రంలో బుష్ (లోహపు గొట్టం ముక్క) వేయించాలి. పడవని స్టాండ్ల మీదికి ఎత్తి, కీల్ కింద జాక్ పెట్టి దించే పని అది. 550 పౌండ్లని చేత్తో పట్టుకోవడం అనే ఆలోచనే వద్దు.

కేబుల్: ఒక్క పోగు తెగి ముల్లులా లేచినా మార్చేయాల్సిందే. కేబుల్ తెగితే కీల్ ఒక్కసారిగా కిందికి ఊగి దాని గూడుకి గుద్దుకుంటుంది. గూడు పగిలితే పడవలోకి నీళ్ళు. కేబుల్ ఎప్పుడు మార్చారని అడగండి. జవాబు చెప్పడానికి ఆయన ఆలోచిస్తున్నాడంటే మార్చలేదని అర్థం.

గొట్టం: కేబుల్ పడవలోకి వచ్చే చోట ఫైబర్‌గ్లాస్ బొడిపె ఒకటి ఉంటుంది. కాటలీనా వాళ్ళు దాన్ని "వోల్కేనో" అంటారు. దాని మీద రబ్బరు గొట్టం, క్లాంపులు. ఆ నోరు నీటి మట్టానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి గొట్టం పగుళ్ళిస్తే పడవ మెల్లగా నిండుతుంది. గొట్టం వేలితో నొక్కి చూడండి, గట్టిపడి ఉంటే కొత్తది వేయండి, ఒక్కో కొసకి రెండేసి క్లాంపులు.

వించ్: హ్యాండిల్‌ని ఎప్పుడూ వదలకూడదు, కీల్ దించేటప్పుడు అసలు వదలకూడదు. వదిలితే అది గిర్రున తిరిగి మణికట్టు విరుస్తుంది. పిల్లలకి ఈ పని అప్పగించొద్దు.

ట్రైలర్ మీద కీల్ బరువు అడ్డపట్టీ మీద ఆనాలి, కేబుల్ కొంచెం వదులుగా ఉండాలి. కేబుల్‌కి వేలాడుతూ వంద మైళ్ళు రోడ్డు గుంతల్లో వచ్చిన కీల్‌ని ఫోటోల్లోనే గుర్తుపట్టొచ్చు.

కీల్ అయ్యాక డెక్. స్క్రూడ్రైవర్ పిడితో మాస్ట్ (తెరచాప స్తంభం) అడుగున, స్టాంచన్ల (అంచు కంచె గొట్టాల) చుట్టూ, మాస్ట్‌ని పట్టే తీగలు దిగే చోట కొట్టుకుంటూ వెళ్ళండి. టకటక అంటే బాగున్నట్టు, దబదబ అంటే లోపలి చెక్క కుళ్ళినట్టు. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అంతే.

---

కేటీ_కొత్తనావ:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ కాటలీనా ఆయనకి కేబుల్ సంగతి మెసేజ్ పెట్టాను, "వచ్చినప్పుడు చూసుకోండి" అన్నాడు. సరే, పాటర్ 19 వైపు మొగ్గుతున్నా. దాని కీల్ స్వింగ్ కాదు, నిలువుగా పైకీ కిందికీ పోతుందట. గాల్వెస్టన్ బే లోతు చాలా తక్కువ, ఆయిస్టర్ (ఆల్చిప్పల) దిబ్బలు ఉంటాయని విన్నాను. తగిలితే ఏమవుతుంది? నలుగురం పడుకోగలమా? 26ఎస్ మాటేమిటి?

---

ఆటుపోటు:

పాటర్ 19 కీల్ పైకెత్తితే పడవకి 6 అంగుళాల నీళ్ళు చాలు, దించితే 3 అడుగుల 7 అంగుళాలు కావాలి. కీల్ గాల్వనైజ్ చేసిన ఉక్కు పలక, 370 పౌండ్లు. మీరన్నట్టు అది నిలువుగానే కదులుతుంది, అసలు చిక్కు అదే. స్వింగ్ కీల్ దిబ్బకి తగిలితే వెనక్కి మడుచుకుంటుంది (తగిలి పైకిలేచి మళ్ళీ దభీమని పడితే కేబుల్‌కి దెబ్బే, అది వేరే మాట). పాటర్ కీల్ మడవదు. 5 నాట్ల (గంటకి 5 నాటికల్ మైళ్ళ) వేగంలో ఆయిస్టర్ దిబ్బని కొడితే ఆ తాకిడంతా కీల్ గూటి మీద పడుతుంది. కొనేటప్పుడు గూటి ముందు అంచు, వెనక అంచు టార్చి వేసి చూడండి. కొత్త జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నునుపు పొర) పూత ఒక్కచోటే మెరుస్తుంటే ఎందుకని అడగండి. గాల్వనైజింగ్ పోయిన పలక తుప్పుతో ఉబ్బి గూటిలో ఇరుక్కుంటుంది. అమ్మే ఆయన్నే కీల్ మొత్తం ఎత్తి దించి చూపించమనండి. నీళ్ళలో దించాక బోల్టులతో బిగించాలి, లేకపోతే పడవ బాగా ఒరిగినప్పుడు కీల్ లోపలికి జారుతుంది.

పడక నలుగురికని బ్రోషర్ అంటుంది. కీల్ గూడు క్యాబిన్ మధ్యలో గోడలా నిలబడుతుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఒక్క రాత్రి సర్దుకోవచ్చు, పన్నెండేళ్ళ అబ్బాయి పదిహేనేళ్ళ వాడయ్యాక మాత్రం ఎవరో ఒకరు కాక్‌పిట్‌లోనే (బయట కూర్చునే చోటే). పాటర్ అడుగు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి ఎదురు అలల్లో టపటప కొట్టుకుంటుంది, లోపల పడుకున్నవాళ్ళకి నిద్ర పట్టదు.

ఇక బే. సగటు లోతు 7 అడుగులు. ఆటుపోట్ల తేడా ఒకటి రెండు అడుగులే, కానీ ఇక్కడ నీటి మట్టాన్ని చంద్రుడి కంటే గాలే ఎక్కువ శాసిస్తుంది. చలికాలంలో నార్తర్ (ఉత్తరం నుంచి వీచే చలిగాలి) వచ్చిందంటే ఉత్తరపు గాలి నీళ్ళని బేలోంచి గల్ఫ్‌లోకి తోసేస్తుంది. టైడ్ పట్టికలో 1 అడుగు అని ఉన్నచోట నీళ్ళు అంతకంటే ఒక అడుగు తక్కువే ఉంటాయి. ర్యాంపు చివర కూడా బయటపడుతుంది. అందుకని అంచనా పట్టిక ఒక్కటే చూసి బయల్దేరొద్దు, ఈగిల్ పాయింట్, మోర్గన్స్ పాయింట్ దగ్గర నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) గేజీలు ఆ నిమిషానికి ఉన్న మట్టం చూపిస్తాయి. అంచనాకీ నిజానికీ తేడా అర అడుగు దాటితే, నిన్న తేలిన చోట ఇవాళ తేలమని లెక్క.

వేసవిలో మధ్యాహ్నం ఆగ్నేయం గాలి 15 నాట్లు మామూలు, సాయంత్రానికి ఇంకా పెరుగుతుంది. లోతు తక్కువ కాబట్టి అల పొడవుగా సాగదు, నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తుంది. 20 నాట్లకి 3 అడుగుల అల. ఎదురుగా వెళ్తే పాటర్ ప్రతి అలకీ నిలబడిపోతుంది. మెయిన్ సెయిల్‌ని (పెద్ద తెరచాపని) ర్యాంపు దగ్గరే రీఫ్ చేసి (కొంత మడిచి చిన్నది చేసి) బయల్దేరండి. గాలి తగ్గితే విప్పుకోవడం నిమిషం పని, గాలి పెరిగాక రీఫ్ చేయడం పిల్లలున్న పడవలో గలభా.

మొదటి రాత్రికి రెడ్‌ఫిష్ ఐలాండ్ మంచిది. కీమా కాలువ నుంచి దాదాపు 8 నాటికల్ మైళ్ళు, 4 నాట్లకి రెండు గంటలు. పడమటి వైపు ఆగితే ఆగ్నేయం గాలికి చాటు. పక్కనే హ్యూస్టన్ షిప్ ఛానల్ ఉందని మాత్రం మరవొద్దు. నిండు ట్యాంకరు వెళ్తున్నప్పుడు ముందు ఒడ్డు నీళ్ళు వెనక్కి లాక్కుపోతాయి, తర్వాత ఉప్పెనలా తిరిగొస్తాయి. మోకాలి లోతులో లంగరేసి పిల్లల్ని ఒడ్డున ఆడనిచ్చేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఛానల్ 45 అడుగులకి పైగా లోతుకి తవ్వింది, అందులో వెళ్ళే ఓడ మీకోసం ఆగలేదు, పక్కకి తప్పుకోలేదు కూడా. దాటాలంటే నిటారుగా, మోటారు ఆన్ చేసి, వీహెచ్‌ఎఫ్ (పడవ రేడియో) 13వ ఛానల్ వింటూ దాటండి. ఓడల పైలట్లు మాట్లాడుకునేది అందులోనే. గాలి ఎటు మారుతుందో తెలియని రాత్రి అయితే గాల్వెస్టన్ లోపలి ఆఫట్స్ బేయూ మేలు, కానీ దూరం ఎక్కువ. మన కొల్లేటి ఉప్పుటేరు చూసినవాళ్ళకి బేయూ అంటే వేరే చెప్పక్కర్లేదు.

లంగరు: బే అడుగంతా బురద. డాన్‌ఫోర్త్ రకం (రెండు వెడల్పాటి పలకలతో బురదలో దిగేది) కావాలి, అల్యూమినియం ఫోర్ట్రెస్ ఎఫ్‌ఎక్స్-7 నాలుగు పౌండ్లే, పాటర్‌కి చాలు. పావు అంగుళం గొలుసు 15 అడుగులు, 3/8 అంగుళం నైలాన్ తాడు 150 అడుగులు. ఎంత వదలాలో లెక్క: నీళ్ళు 6 అడుగులు, నీటి మీదినుంచి ముక్కు దాకా 3, పోటుకి 2. మొత్తం 11కి ఏడింతలు, 77 అడుగులు. కొత్తవాళ్ళు 6కి ఏడింతలని 42 వదిలి పడుకుంటారు. తెల్లవారుజామున ఈదురుగాలి లేచినప్పుడు వాళ్ళ పడవ మన పడవ పక్కకొచ్చి నిలబడుతుంది.

---

లంగరుతాడు:

26ఎస్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఒక మాట. దాని అడుగున ట్యాంకు ఉంటుంది, పడవ దించాక వెనక వాల్వు తెరిస్తే 1,200 పౌండ్ల నీళ్ళు వాటంతట అవే నిండుతాయి. ర్యాంపు మీద పైకి లాగాక వాల్వు తెరిస్తే కారిపోతాయి. అందుకే 26 అడుగుల పడవని మీ వ్యాన్ లాగగలుగుతుంది. నలుగురికి నిజంగా చోటున్నదీ ఈ మూడింట్లో అదే.

షరతు ఒక్కటే: ట్యాంకు నిండుగా ఉండాలి. ఖాళీగా కానీ, సగం నిండి కానీ తెరచాప ఎత్తకూడదు. సగం ట్యాంకులో నీళ్ళు పడవ ఒరిగిన వైపుకే పరిగెత్తి ఇంకా ఒరగదోస్తాయి. ముందు వైపు గాలి రంధ్రం తెరిచి నీళ్ళు పైదాకా వచ్చాయో లేదో కంటితో చూసి, మూసి, అప్పుడు కదలండి. నిండినా సరే మొదటి 15 డిగ్రీలు తేలిగ్గా ఒరుగుతుంది, ఆ తర్వాత నిలదొక్కుకుంటుంది. మొదటిసారి ఎక్కినవాళ్ళు జడుసుకునేది అక్కడే. పడవ తేలిక, పక్కలు ఎత్తు, కాబట్టి డాక్ దగ్గర గాలి దాన్ని ఆకులా తోసేస్తుంది. ఉప్పుగాలి గారు ఒప్పుకోరని తెలుసు.

---

ఉప్పుగాలి:

ఒప్పుకోను :) లంగరు మీద ఆ పడవ రాత్రంతా అటూ ఇటూ ఈదుతూనే ఉంటుంది. కానీ ఒడిస్సీ, నలుగురు మనుషులు అన్న రెండు మాటలూ ఖాయమైతే నా కాటలీనా పక్కకి తప్పుకోవాల్సిందే, అది నిజం.

మాస్ట్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ట్రైలర్ పడవలు యార్డులోనే కుళ్ళిపోవడానికి మొదటి కారణం మాస్ట్ ఎత్తడం విసుగనిపించడం. మొదట్లో గంటన్నర పడుతుంది, అలవాటయ్యాక 45 నిమిషాలు. ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. పార్కింగ్ నుంచి ర్యాంపుకి వెళ్ళే దారి మొత్తం చూడాలి, నిలబడ్డ చోటొక్కటే చూస్తే చాలదు. అల్యూమినియం మాస్ట్ తీగకి తగిలితే ట్రైలర్ పట్టుకున్నవాడు బతకడు.

బ్యాక్‌స్టే (మాస్ట్‌ని వెనక నుంచి పట్టే తీగ), పక్క తీగలు ముందే తగిలించి, ఫోర్‌స్టే (ముందు తీగ) ఒక్కటి వదిలి ఎత్తాలి. జిన్ పోల్ అంటే మాస్ట్ అడుగున ముందుకి నిలబెట్టే ఆరేడు అడుగుల గొట్టం. దాని కొసకి జిబ్ హాల్యార్డ్ (ముందు తెరచాప ఎత్తే తాడు), అక్కడి నుంచి ముక్కుకి నాలుగు రెట్ల కప్పీ. ఒక్కరే లాగినా లేస్తుంది. పక్కలకి పడకుండా రెండు బేబీ స్టేలు (చిన్న పక్క తాళ్ళు) కట్టండి. లేచేటప్పుడు సగంలో ఆగి టర్న్‌బకిళ్ళు (తీగలు బిగించే మరలు) చూడండి: ఏదైనా అడ్డంగా ఇరుక్కుంటే దాని బోల్టు వంగుతుంది. వంగిన బోల్టు ఆ రోజు విరగదు, నెల తర్వాత 18 నాట్ల గాలిలో విరుగుతుంది. ఫోర్‌స్టే పిన్ పెట్టి, రింగు వేసి, టేపు చుట్టేదాకా లాగే తాడు విప్పకూడదు.

---

గాలివాటం:

ఆలస్యంగా వచ్చాను, ట్రైలర్ ఒక్కటి చెప్పి వెళ్తాను. కేటీ నుంచి కీమాకి గంట పైన ప్రయాణం, హబ్బులు (చక్రాల మధ్య భాగాలు) వేడెక్కి ఉంటాయి. ఆ వేడి హబ్బుని చల్లటి ఉప్పునీళ్ళలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. రెండు మూడు నెలల్లో బేరింగు తుప్పు, ఆ తర్వాత హైవే మీద చక్రం ఊడడం. మాస్ట్ ఎత్తే 45 నిమిషాలూ హబ్బులు చల్లారడానికే అనుకోండి. చేత్తో తాకితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. నీళ్ళలోకి వెళ్ళేముందు లైట్ల ప్లగ్ పీకండి. ఇంటికొచ్చాక చక్రాలు, బ్రేకులు మంచినీళ్ళతో కడగండి. గ్రీజు పెట్టిన హబ్బు ఒకటి, బేరింగులతో సహా, వ్యాన్‌లో స్పేరు ఉంచండి. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. ట్రెడ్ ఎంత బాగున్నా ఆరేళ్ళు దాటితే మార్చండి, ఎండలో నిలబడే ట్రైలర్ టైరు అరిగి పోదు, ఎండి పగులుతుంది.

కాగితాలు: టెక్సస్‌లో 14 అడుగులు, ఆపైన ఉన్న తెరచాప పడవకి టైటిల్, రిజిస్ట్రేషన్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ దగ్గర. ట్రైలర్ రిజిస్ట్రేషన్ వేరే, కౌంటీ టాక్స్ ఆఫీసులో. మోటారుకీ విడిగా టైటిల్ ఉంటుంది. ఈ మూడిట్లో ఒకటి లేకపోయినా డబ్బివ్వొద్దు. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపూ 13 ఏళ్ళు నిండని పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, మీ ఇద్దరు పిల్లలూ ఆ లెక్కలోకి వస్తారు. 16 అడుగులు, ఆపైన ఉన్న పడవలో విసిరే కుషన్ ఒకటి, పగటికీ రాత్రికీ పనికొచ్చే సిగ్నల్ ఫ్లేర్లు ఉండాలి. ఫ్లేర్ల గడువు 42 నెలలు. అమ్మే ఆయన "ఫ్లేర్లు కూడా ఇస్తాను" అంటే తేదీ చూడండి.

---

కేటీ_కొత్తనావ:

కాటలీనా వదిలేశాం. ఈ శనివారం 26ఎస్, పాటర్ రెండూ చూస్తున్నాం. 26ఎస్ ట్యాంకు వాల్వులో ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

---

లంగరుతాడు:

వాల్వు రబ్బరు. ట్రైలర్ మీదే ట్యాంకులోకి గొట్టంతో నీళ్ళు పట్టి, వాల్వు మూసి, కింద అట్టముక్క పరిచి పావుగంట ఆగండి. అట్ట తడిస్తే రబ్బరు మార్చాలి, చిన్న ఖర్చే. ఒక బకెట్టు రెండు బకెట్లు చాలు, ట్యాంకు నింపొద్దు, ట్రైలర్ ఆ బరువుకి కట్టింది కాదు. తర్వాత లోపలి పడకల పరుపులెత్తి కింద తడి ఉందేమో చూడండి. అక్కడి నీళ్ళు నాలుక చివర పెట్టి చూడండి: చప్పగా ఉంటే కిటికీలోంచి వచ్చిన వాన, ఉప్పగా ఉంటే ట్యాంకు పైకప్పు కారుతున్నట్టు, బేరం అక్కడే ఆపేయండి.